నిప్పుకు గాలి తోవ

ఇంతకాలంలో నేను ఎన్ని రకాల పొయ్యిల ముందు కూర్చుని, నిలబడి వండానో తలుచుకుంటే వాటన్నిటి వెనకా ఒకే చిక్కు కనిపిస్తుంది. నిప్పు మనిషికి ఏనాడో దొరికింది. దాని మీద గిన్నె నిలబెట్టే ఉపాయం మూడు రాళ్లతోనే తేలిపోయింది. తేలకుండా మిగిలిందల్లా నిప్పుకు గాలి ఎటునుంచి రావాలి, ఎంత రావాలి, పుట్టిన పొగ ఎటు పోవాలి అన్నదే. కట్టెల పొయ్యి నుంచి గ్యాసు పొయ్యి దాకా వచ్చిన ప్రతి మార్పూ ఈ ప్రశ్నకు ఎవరో ఒకరు ఇచ్చిన జవాబు. అలా ఇచ్చినవాళ్లలో స్వీడన్ మెకానిక్కు ఒకాయన, జర్మనీ ప్రొఫెసరు ఒకాయన, మన హైదరాబాదులో పనిచేసిన శాస్త్రజ్ఞుడు ఒకాయన ఉన్నారు. పేరు తెలియనివాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లేనని నా గట్టి నమ్మకం.

నేను మొట్టమొదట అన్నం వార్చింది కృష్ణా డెల్టాలోని మా అమ్మమ్మగారింట్లో, కోడుపొయ్యి మీద. సంక్రాంతి నెల పట్టగానే అమ్మమ్మ పాత పొయ్యి పడగొట్టి కొత్తది వేసేది. పుట్టమన్నులో ఊక, పేడ కలిపి తొక్కి, ఒక పూట నాననిచ్చి, ముద్దలు ముద్దలుగా పేర్చుకుంటూ వచ్చేది. టేపులూ కొలబద్దలూ ఏమీ ఉండేవి కావు. పొయ్యి నోటిని జానతో కొలిచేది. పైన గిన్నె ఆనే చోట మూడు గడ్డలు పెట్టి, వాటి ఎత్తును బొటనవేలితో చూసుకునేది. "నోరు ఎడమైతే కట్టెలు ఊరికే తినేస్తుందే అమ్మాయ్, ఇరుకైతే పొగంతా మన మొహానే" అనేది. ఆ గడ్డలు ఎందుకో అప్పుడు నాకు తెలియదు. గిన్నెకీ పొయ్యి అంచుకీ మధ్య అవి వదిలే సందులోంచి వేడిగాలి పైకి పోతుంది. అది పోయినకొద్దీ కింద నోటిలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. గడ్డలు పొట్టివైతే మంట ఊపిరాడక పొగ చిమ్ముతుంది, పొడుగైతే వేడి గిన్నెకు అందకుండా పక్కలనుంచి పోతుంది. మా అమ్మమ్మ బొటనవేలికి ఈ లెక్క తెలుసు.

పొయ్యికి పక్క కన్నమైన కోడు మీద పప్పు ఉడికేది. ఆ పక్కనే పొంతలో నీళ్లకుండ. అసలు పొయ్యిలోంచి మిగిలి వచ్చే సెగే వాటికి ఆధారం. వృథాగా పోయే వేడిని రెండోసారి, మూడోసారి వాడుకోవాలన్న ఆలోచన ఇంజినీర్లకు రాకముందే మన వంటిళ్లలో ఉంది. పెరట్లో దాలి ఉండేది. గుంటలో పిడకలు పేర్చి అంటించి, పైన పాలకుండ పెట్టి, గాలి చాలా కొద్దిగా ఆడేలా కప్పేవారు. మంట రాదు, కణకణ మండదు, ఆరిపోదు. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, అరచేయి మందాన మీగడ కట్టేవి. గాలి తగ్గించి నిప్పును రోజంతా నిలబెట్టడం చిన్న విద్యేమీ కాదు. ఆ విద్యను కనిపెట్టిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక ఊదుగొట్టం. ఆ ఇనపగొట్టాన్ని తలుచుకుని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. పొయ్యికి చాలని గాలిని ఆడమనిషి తన గుండెలోంచి తీసి ఇవ్వడమే ఊదడమంటే. ఊది మళ్లీ పీల్చేటప్పుడు లోపలికి వెళ్లేది పొగే. కట్టె వేడెక్కినప్పుడు అందులోంచి మండే వాయువులు బయటికి వస్తాయి. వాటికి సరిపడా గాలి, సరిపడా వేడి దొరికితే మంటవుతాయి, లేకపోతే పొగవుతాయి. అంటే పొగ అనేది కాలకుండా మిగిలిపోయిన వంటచెరకే. గిన్నె అడుక్కి పట్టిన మసి కూడా అదే. 1980ల మొదట్లో కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త తోటివాళ్లతో కలిసి గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్లు పీల్చే గాలిని పరికరాలతో కొలిచేదాకా వంటింటి పొగను కొలవవలసిన విషయంగా లోకం పెద్దగా పట్టించుకోలేదు. తరవాత చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల నుంచి కల్పనా బాలకృష్ణన్ బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనూ అదే పని చేసింది. మా అమ్మమ్మ చివరి రోజుల్లో విడవకుండా దగ్గేది. చుట్ట, బీడీ ఎరగని మనిషి.

ఆ పొగను కొలిచే రోజులు రాకముందే, దాన్ని ఇంట్లోంచి బయటికి పంపాలని పట్టుబట్టినవాళ్లు మన దేశంలో ఉన్నారు. వార్ధాలోని మగన్‌వాడిలో, గాంధీజీ పెట్టిన గ్రామ పరిశ్రమల సంఘంలో, 1947 ప్రాంతంలో మగన్ చుల్హా తయారైంది. మన హైదరాబాదులో, హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో, డాక్టర్ ఎస్.పి. రాజు ఇదే పని మీద కూర్చున్నారు. ఇంజినీరింగ్ పరిశోధనలకని పెట్టిన సంస్థలో ఒక పెద్దమనిషి మట్టి పొయ్యిని ముందేసుకుని కూర్చున్నాడంటే, ఆ రోజుల్లో అది ఎంత అరుదో ఊహించుకోవచ్చు. ఆయన పొయ్యికి సంస్థ పేరులోని పొడి అక్షరాలతోనే హెర్ల్ చుల్హా అన్న పేరు వచ్చింది. కోట్లమందికి పొగలేని వంటిళ్లు ఎలా కట్టుకోవచ్చో చెబుతూ 1953లో ఆయన ఒక చిన్న పుస్తకం వేశారు. పొగ, మసి, ఉక్క, వంటచెరకు దుబారా, అగ్ని ప్రమాదం, ఈ ఐదింటి నుంచీ ఇల్లాలికి విముక్తి కలగాలన్నది ఆయన వాదం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నిండా పదేళ్లు కాలేదు. ఆ మాటను వంటింటిదాకా తీసుకొచ్చిన మనిషిగా ఆయనంటే నాకు ఎంతో గౌరవం.

ఆయన చేసింది చూడ్డానికి చాలా మామూలు పని. గిన్నె చుట్టూ సందులు లేకుండా మూసేశారు. మంట ముందు గిన్నె కింద రాజుకుని, మట్టిలోపలి సొరంగంలోంచి తరవాతి గిన్నెల కిందికి పోయి, చివరికి పొగగొట్టం ఎక్కి ఇంటికప్పు దాటి వెళుతుంది. గొట్టంలో వేడిగాలి తేలికై పైకి లేస్తుంది కనక, దాని వెనకే పొయ్యి నోటిలోంచి కొత్తగాలి దానంతటదే లోపలికి వస్తుంది. ఊదుగొట్టంతో పనిలేదు. అంతకు నూటయాభై ఏళ్ల ముందు మ్యూనిక్‌లో కౌంట్ రమ్‌ఫర్డ్ కూడా నిప్పును నలువైపులా మూసి, గాలిని కొలిచి వదిలితే వంటచెరకు ఎంతో ఆదా అవుతుందని చూపించాడు. అయితే అక్కడ వాడింది ఇటుక, ఇనుము. ఇక్కడ రాజుగారి ముందున్నది మట్టి, పేడ, ఇల్లాలి రెండు చేతులు.

మరి ఈ పొగలేని పొయ్యిలు ఊరూరా ఎందుకు నిలవలేదు? 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టి, 2002లో ఆపేసేలోగా దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేయించింది. మా బంధువుల ఊళ్లోనూ వేశారు. ఆ పొయ్యి కన్నానికి అతికినట్టు కూర్చునే గిన్నె ఇంట్లో ఒకటే ఉంటుంది. చుట్టాలొచ్చి పెద్ద డేగిసా ఎక్కించిన రోజున, చిన్న మూకుడు పెట్టిన రోజున సందుల్లోంచి పొగ ఇంట్లోకే వచ్చింది. గొట్టంలో మసి పేరుకుంది. దాన్ని ఎలా దులపాలో చెప్పడానికి మళ్లీ ఎవరూ రాలేదు. రెండో కన్నం మీది కూర ఎంతకీ ఉడకదని ఆడవాళ్లు మొత్తుకున్నారు. గొట్టం పగిలింది. ఏ ఇంటి గిన్నెల్ని బట్టి ఆ ఇంటి పొయ్యి వేసుకునే అమ్మమ్మల చేతిలోంచి పొయ్యిని తీసుకుని, అందరికీ ఒకే అచ్చు ఇచ్చారు. లోపం రాజుగారి ఆలోచనలో ఉందని నేను ఒప్పుకోను. ఆ ఆలోచనను మోసుకెళ్లిన పద్ధతిలో ఉంది.

పెళ్లయి సికింద్రాబాదు వచ్చాక, అద్దె గదిలో నా ముందున్నది పొట్టు పొయ్యి. కోత మిల్లు నుంచి రంపపు పొట్టు గోనెసంచిలో తెచ్చుకునేవాళ్లం. రేకు డబ్బాలాంటి పొయ్యికి అడుగున పక్కగా ఒక కన్నం ఉంటుంది. ఆ కన్నంలోంచి ఒక కర్ర అడ్డంగా దూర్చి, దానికి తగిలేలా నడిమధ్యన ఇంకో గుండ్రటి కర్ర నిలువుగా పెట్టి, చుట్టూ పొట్టు పోసి గుప్పిట్లతో దట్టంగా కూరేవాళ్లం. ఎంత గట్టిగా కూరితే అంతసేపు మండుతుంది. ఆ తరవాతే అసలు పని. నిలువు కర్రను మెల్లగా తిప్పుతూ తిప్పుతూ, పొట్టు రాలకుండా పైకి లాగాలి. పక్క కర్ర కూడా తీసేస్తే పొట్టు మధ్యలో ఒక సన్నని బావి, దానికి కిందనుంచి ఒక సొరంగం మిగులుతాయి. సొరంగంలో చితుకులు వెలిగిస్తే ఆ బావే పొగగొట్టంగా గాలిని లాక్కుంటుంది. దాని గోడలు లోపలినుంచి కాలుకుంటూ, బావి వెడల్పవుతూ, గంటల తరబడి ఒకే తీరున సెగ వస్తుంది. మంట ఎక్కువైతే పక్క కన్నంలోకి కర్ర కాస్త దూర్చేవాళ్లం, తక్కువైతే బయటికి లాగేవాళ్లం. మధ్యలో ఆర్పేయడం మాత్రం కుదరదు కనక, అన్నం, పప్పు, కూర అయ్యాక మిగిలిన సెగ మీద స్నానాలకు నీళ్లు, రాత్రికి శనగలు. కోత మిల్లు బయట పారబోసే చెత్తతో ఇంత చక్కటి పొయ్యిని ఎవరు మొదలుపెట్టారో గాని, ఆ మనిషికి నా నమస్కారం.

కుంపటి సంగతి క్లుప్తంగా చెబుతాను. బొగ్గు పొగ రాదు, అప్పడాలకూ మొక్కజొన్న పొత్తులకూ దాన్ని మించింది లేదు. కాని మూసిన గదిలో దాని గాలి ప్రాణాలు తీస్తుంది. చలికాలం కుంపటి పక్కన పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకునేవాళ్లకు ఇప్పటికీ ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

పంపు స్టవ్ వచ్చాక వంట వేగమే మారిపోయింది. దాని పుట్టుక 1892లో, స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో. ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్కు, లోహాలు అతికేవాళ్లు వాడే మంట దీపం పద్ధతిని పట్టుకుని కిరసనాయిలుతో మసిలేని మంట పుట్టించాడు. అప్పటిదాకా కిరసనాయిలు పొయ్యిలన్నీ వత్తివే, మసి కక్కేవే. లిండ్‌క్విస్ట్ వత్తి తీసేశాడు. నూనెను ముందు ఆవిరి చేసి, ఆ ఆవిరిని సన్నటి బెజ్జంలోంచి వేగంగా చిమ్మితే, అది దారిలో చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుపోయి, నీలంగా, మసి లేకుండా మండుతుంది. ప్రైమస్ అన్న పేరుతో అది లోకమంతా పాకింది. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ దగ్గరా, 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం దగ్గరా ఉన్నది ప్రైమస్సే.

నా దగ్గరున్నది ఇత్తడి తొట్టి, మూడు కాళ్ల స్టవ్. వెలిగించడం పెద్ద తతంగం. గాలి మర వదులు చేసి, బర్నరు చుట్టూ ఉన్న చిన్న గిన్నెలో స్పిరిటు పోసి అంటించాలి. ఆ మంటకు బర్నరు గొట్టాలు కాలాలి. స్పిరిటు ఇంకా పూర్తిగా ఆరకముందే మర బిగించి, పంపు కొట్టాలి. తొందరపడి ముందే కొడితే నూనె ఆవిరి కాకుండా ద్రవంగానే ఎగజిమ్మి, పసుపు మంట మొహం దాకా లేస్తుంది. ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచీ. అంతా కుదిరిన క్షణాన ముందు చిన్న చిటపట, తరవాత భోరుమని నీలి మంట. ఆ హోరులో పక్కగదిలో మా అత్తగారు పిలిచినా వినపడేది కాదు. బెజ్జంలో నలక పడితే పిన్ను పెట్టి పొడవాలి. రేకు పిడికి చివర వెంట్రుకంత తీగ, అదే పిన్ను. అది లేని రోజున వంట లేదు.

ఈ స్టవ్ గురించి రాస్తూ ఇంకో సంగతి రాయకపోతే తప్పవుతుంది. స్టవ్ పేలి కోడలు మృతి అన్న వార్త 1970, 80లలో పేపర్లలో తరచూ కనిపించేది. స్టవ్‌లు నిజంగానే ప్రమాదకరమైనవి, నిజంగా పేలినవీ ఉన్నాయి. కాని అవి ఎప్పుడూ కోడళ్ల దగ్గరే ఎందుకు పేలుతున్నాయని మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చి అడిగాయి. 1983లో శిక్షాస్మృతిలో అత్తింటి హింసపై 498-ఎ సెక్షన్, 1986లో వరకట్న మరణాలకు 304-బి చేరడం వెనక ఆ ప్రశ్న ఉంది. తన పొయ్యిని ఇంత దూరంలో, ఇలాంటి పనికి సాకుగా వాడతారని ఏ ఆవిష్కర్త అనుకుంటాడు?

వత్తుల స్టవ్ నిదానస్తురాలు. పంపు అక్కర్లేదు, హోరు లేదు, పేలే భయం తక్కువ. ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం తయారు చేసిన నూతన్ అనే రకం వచ్చాక రేషన్లో ఇచ్చే నీలి కిరసనాయిలు నెలాఖరు దాకా సాగింది. వత్తుల చుట్టూ చిల్లుల రేకులు రెండు ఉంటాయి. గాలిని వంతులేసి మంటకు అందించేవి ఆ చిల్లులే. వత్తులు సమంగా కత్తిరించుకుంటే నీలం, లేకపోతే మసి.

గ్యాసు పొయ్యి కథకు రెండు మొదళ్లు. ఒకటి జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో. 1855లో రాబర్ట్ బున్సెన్ తన ప్రయోగశాలకు వేడెక్కువ, వెలుగు తక్కువ ఉన్న మంట కావాలనుకున్నాడు. గ్యాసు మండాక గాలి కోసం వెతుక్కోకుండా, మండకముందే గొట్టంలో గాలితో కలపాలన్నది ఆయన ఆలోచన. పీటర్ డెసాగా అనే పనివాడు దాన్ని చేసి చూపించాడు. ఇవాళ మీ వంటింటి పొయ్యిని తిరగేసి చూడండి. మీట వెనక చిన్న ఇత్తడి జెట్టు, దాని ముందు నోరు తెరిచి ఉన్న గొట్టం కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య ఖాళీ పొరపాటున వదిలింది కాదు. జెట్టులోంచి దూకే గ్యాసు అక్కడే గాలిని లాక్కుంటుంది. అక్కడ సాలెగూడు పట్టినా, బర్నరు చిల్లులు పాలు పొంగి మూసుకుపోయినా మంట పసుపు తిరిగి గిన్నె నల్లబడుతుంది.

రెండో మొదలు అమెరికాలో. 1910లో ఒక కారు యజమాని, తను కొన్న పెట్రోలు ఇల్లు చేరేసరికి చాలావరకు ఎగిరిపోతోందని ఫిర్యాదు చేశాడు. వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ పెట్రోలును సీసాలో పోసి చూస్తే బిరడా ఉండుండి ఎగిరిపడేది. అలా ఎగదన్నే ఆవిర్లను విడదీస్తే అందులో ప్రొపేను, బ్యుటేను దొరికాయి. వాటిని ఒత్తిడితో ద్రవంగా మార్చి సీసాల్లో నింపవచ్చని గ్రహించి 1913లో పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో ఈ గ్యాసును ముందుగా 1950లలో బొంబాయిలో బర్మా షెల్ అమ్మింది. ఇండియన్ ఆయిల్ వారి ఇండేన్ గ్యాసు మొదటి కనెక్షన్ 1965 అక్టోబరు 22న కలకత్తాలో ఇచ్చారు. ఇప్పుడు మనం మోసుకునే ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. దానికి సొంత వాసన లేదు. లీకయితే పసిగట్టడానికి మెర్‌కాప్టాన్ కలుపుతారు. గాలికంటే బరువు కనక కారిన గ్యాసు నేలబారునే పరుచుకుంటుంది.

గ్యాసు మా ఇంటికి రావడానికి ఏళ్లకేళ్లు పట్టింది. వచ్చిన రోజున నాకు బాగా గుర్తున్నది మంట కంటే నా మోకాళ్లు. పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలన్నది నియమం. అందుకని మేస్త్రీని పిలిచి కడప రాయితో గట్టు కట్టించాం. తరతరాలుగా నేలమీద గొంతుక్కూర్చుని వండిన ఆడవాళ్లం, ఆ గట్టుతో నిలబడ్డాం. మా అత్తగారికి అది మొదట్లో నచ్చలేదు. "నిలబడి వండితే మజ్జిగ పులుసుకు రుచెక్కడిదే" అనేవారు. నెల తిరక్కముందే పీట అటక మీదికి ఎక్కించింది ఆవిడే.

పల్లెలకు ఆ గట్టు చాలా ఆలస్యంగా వెళ్లింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు ప్రభుత్వమే డిపాజిట్ కట్టి కనెక్షన్లు ఇచ్చింది. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో కేంద్ర ప్రభుత్వ గ్యాసు పథకం ఉజ్జ్వల మొదలైంది. ఇవి గొప్ప పనులే. అయితే మొదటి సిలిండరు వచ్చినంత సులువుగా రెండోది రాదు. పొయ్యిలో పిల్లి లేవని ఇంట్లో నిండు సిలిండరుకు ఒకేసారి డబ్బు కట్టమంటే ఎక్కణ్నుంచి తెస్తారు? కట్టెలు పుల్లా పుడకా ఏరుకుంటే వస్తాయి. అందుకే చాలా ఇళ్లలో గ్యాసు చుట్టాలొస్తే టీకి, కట్టెల పొయ్యి రోజూ అన్నానికి. సిలిండరు లెక్కలు చూసి వంటిళ్లన్నీ మారిపోయాయని చెప్పేవాళ్లు ఒకసారి పెరట్లోకి కూడా వెళ్లి చూడాలి.

మా అబ్బాయి ఇంట్లో ఇప్పుడు ఇండక్షన్ పొయ్యి. దాంట్లో మంటే లేదు, కనక గాలితో పనే లేదు. కింద తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ వేగంగా మారితే, పైన గిన్నె అడుగులోనే వేడి పుడుతుంది. అయస్కాంతం అతుక్కునే అడుగు ఉంటేనే. నా ఇత్తడి గిన్నెలూ, రాచ్చిప్పా దాని మీద పనికిరావు. పాలు కాచుకోవడానికి మంచిదే. వంకాయ కాల్చడానికి మాత్రం నేను గ్యాసు దగ్గరికే వెళతాను.

పోయినేడు ఊళ్లో మా మేనకోడలు పెరట్లో నీళ్లు కాచడానికి, పండగలకు పిండివంటలకు కట్టెల పొయ్యి కట్టించుకుంటానంది. నేను దగ్గరుండి కట్టించాను. నోరు తన జానతో కొలవమన్నాను. ఇంట్లో ఉన్న గుండిగలు, బాండీలు తెచ్చి బోర్లించి, వాటి కొలతకే కన్నాలు పెట్టించాను. చిన్నగిన్నెలకు ఇనప కంకణాలు రెండు చేయించాను. గొట్టం పాక కప్పు దాటి మూరెడు పైకి ఉండాలని పట్టుబట్టాను. మసి దులుపుకోవడానికి గొట్టం అడుగున ఒక ఇటుకను సిమెంటు పెట్టకుండా వదులుగా ఉంచమంటే, "పొయ్యికి తలుపేంటండీ పిన్నిగారూ" అని మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. రాజుగారి గురించి చెప్పాను. అవతలి వీధిలో ఇంకో రెండిళ్లకు కూడా అలాగే ఇటుక వదిలి కడుతున్నాడట.